గళ్ళ లుంగీ మడతలో ఉన్న ట్రిక్: కదలని బొమ్మ కదిలినట్టు ఎలా గీయాలి?

ఈరోజు ఏ4 పేపరు, స్కేలు, పెన్సిలు, బ్లాక్ స్కెచ్ పెన్ పట్టుకుని కూర్చోండి.

ముందు ఒక మాట చెప్పాలి. పోయిన ఎపిసోడ్‌లో గిరగిరా తిరిగే నలుపు తెలుపు చారల యానిమేషన్ పెట్టాను, వార్నింగ్ ఏమీ లేకుండా. "అన్నా, మా చెల్లికి ఫిట్స్ ఉన్నాయి. అది చూస్తుంటే ఫోన్ లాక్కున్నాను" అని ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. నిజంగా సిగ్గేసింది. ఇలాంటి చారలు, ముఖ్యంగా మెరుస్తూ కదిలేవి, కొంతమందికి ఫిట్స్ తెప్పించగలవు. ఆ వీడియో తీసేశాను. ఈరోజు బొమ్మ కదలదు. అయినా కళ్ళు లాగినట్టు ఉంటే చూడటం ఆపేయండి, ఏం పర్లేదు.

మనం గీసేది బ్రిడ్జెట్ రైలీ అనే బ్రిటిష్ పెయింటర్ 1961లో వేసిన 'మూవ్‌మెంట్ ఇన్ స్క్వేర్స్' పద్ధతిలో. చదరంగం బోర్డు ఒకచోట లోయలోకి జారిపోతున్నట్టు ఉంటుంది అది. అందులో ఒక్క వంకర గీత కూడా లేదు! గళ్ళ ఎత్తు మారదు, వెడల్పు మాత్రమే తగ్గుతూ పోయి మళ్ళీ పెరుగుతుంది. అంతే.

మరి లోతు ఎక్కడినుంచి వచ్చింది? గళ్ళ లుంగీ తాడు మీద ఆరేసినప్పుడు చూడండి. బట్ట పక్కకు తిరిగిన చోట గడి సన్నగా కనిపిస్తుంది, ఎత్తు మాత్రం అంతే ఉంటుంది. చిన్నప్పటినుంచి ఇది చూసీ చూసీ, గడి సన్నబడితే అక్కడ మడత ఉందని మెదడు అనేసుకుంటుంది. పేపరు మీద గీసినా అదే లెక్క వేస్తుంది.

పేపరు అడ్డంగా పెట్టి 4 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున అడ్డగీతలు గీయండి, 5 వరసలు వస్తాయి. నిలువు గళ్ళ వెడల్పులు మిల్లీమీటర్లలో రాసుకోండి: 40, 32, 25, 19, 14, 10, 7, 4, 2. అక్కడినుంచి వెనక్కి 4, 7, 10, 14, 19, 25, 32. ఇప్పుడు చదరంగం బోర్డులా గడి విడిచి గడి నలుపు నింపండి. నేను మొదటిసారి 2 మిల్లీమీటర్లు నింపడం కష్టమని 10 దగ్గరే ఆపేశాను. బోర్డు కాస్త వంగింది గానీ లోపలికి జారలేదు. ఆ సన్న గళ్ళే ప్రాణం, బద్ధకించకండి.

రంగుల్లో కూడా ఇలాంటిదే ఒకటి ఉంది, మంకర్ ఇల్యూజన్ అంటారు. ఇది ఫోన్‌లో ఈజీ. డ్రాయింగ్ యాప్‌లో పసుపు, నీలం సన్న చారలు ఒకదాని పక్కన ఒకటి నింపండి. ఎడమవైపు నీలం చారల మీద మాత్రమే ఎరుపు ముక్కలు పెట్టండి, కుడివైపు పసుపు చారల మీద మాత్రమే. ఎడమది ఆరెంజ్‌లా, కుడిది వంకాయ రంగు కలిసినట్టు కనిపిస్తుంది. కలర్ పికర్‌తో నొక్కి చూడండి, రెండూ ఒకటే ఎరుపు! జూమ్ చేస్తే చారలు లావై తేడా తగ్గిపోతుంది. అందుకే చారలు సన్నగా ఉండాలి.

ఇంకోటి. 1965లో న్యూయార్క్‌లో మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ 'ది రెస్పాన్సివ్ ఐ' ఎగ్జిబిషన్ పెట్టింది. ఆ రోజుల్లో రైలీ డిజైన్లను ఆమెకు ఇష్టం లేకుండానే డ్రెస్సుల మీదికి ఎక్కించేశారు. ఆమెకు బాగా కోపం వచ్చింది. కాబట్టి మీ గళ్ళ బొమ్మ పోస్ట్ చేస్తే ఆమె పేరు రాయండి. మొదటి స్లైడ్‌లో వార్నింగ్ కూడా పెట్టండి, నాలాగా మర్చిపోకుండా.