పిచ్ ఒక్కటే పెంచితే గొంతు మారదు: ఫోన్‌తో వాయిస్ ట్రైనింగ్ ఎలా చేయాలంటే..

బ్యాంకు కస్టమర్ కేర్‌కి కాల్ చేస్తారు. పేరు, పుట్టిన తేదీ అన్నీ కరెక్ట్‌గా చెప్తారు. అయినా అవతలి నుంచి "అకౌంట్ హోల్డర్‌కి ఫోన్ ఇవ్వండి సార్" అనే మాటే వస్తుంది. చాలామంది ట్రాన్స్ మహిళలకి ఇది బాగా తెలిసిన కాల్. టెస్టోస్టెరాన్ వాడే ట్రాన్స్ పురుషులకి గొంతు సాధారణంగా దానంతటదే కిందికి దిగుతుంది. కానీ యుక్తవయసులో ఒకసారి మందమైన స్వరతంత్రుల్ని ఈస్ట్రోజెన్ మళ్లీ పల్చన చేయదు. ఇక మిగిలేది సర్జరీ, లేదంటే సాధన.

తెలుగులో ఇంకో చిక్కు కూడా ఉంది. హిందీలో 'నేను వెళ్తున్నా' అని చెప్పినా క్రియలోనే ఆడో మగో తెలిసిపోతుంది. మన 'వెళ్తున్నాను'లో అదేం ఉండదు. అంటే తెలుగు కాల్‌లో ఎదుటివాళ్లు సార్ అనాలా, మేడమ్ అనాలా అన్నది దాదాపు పూర్తిగా గొంతు మీదే ఆధారపడుతుంది.

"దానికి వాయిస్ ఛేంజర్ యాప్స్ ఉన్నాయిగా?" అంటారేమో. గేమింగ్‌లో ఫ్రెండ్స్‌ని ఆటపట్టించడానికి అవి ఓకే. ఆటో డ్రైవర్‌తో బేరం ఆడేటప్పుడు యాప్ పనిచేయదు కదా! పైగా చౌకబారు యాప్స్ పిచ్‌ని మాత్రమే పైకి లాగుతాయి, అందుకే గొంతు బొమ్మ ఉడుత మాట్లాడినట్టు ఉంటుంది. అసలు విషయం అక్కడే ఉంది.

నంబర్ వెనకాల పడొద్దు

పిచ్ అంటే స్వరతంత్రులు సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తున్నాయో ఆ లెక్క. మామూలుగా మగ గొంతు 120 హెర్ట్జ్ దరిదాపుల్లో, ఆడ గొంతు 200 దరిదాపుల్లో ఉంటుంది. చాలామంది ఒక ట్యూనర్ యాప్ పెట్టుకుని 200 కొట్టేస్తే చాలనుకుంటారు. కొడతారు కూడా. రికార్డింగ్ వింటే మాత్రం, సన్నగా మాట్లాడుతున్న మగ గొంతే వినిపిస్తుంది.

కారణం రెజొనెన్స్. స్వరతంత్రుల నుంచి పెదాల దాకా ఉన్న గొట్టం మగవాళ్లలో సుమారు 17 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 14-15. గొట్టం పొడవుని బట్టి ఏ ఫ్రీక్వెన్సీలు బలపడాలో మారిపోతుంది. మన చెవి దాన్ని బాగా పట్టేస్తుంది.

గ్యాడ్జెట్ పిచ్చి ఉన్నవాళ్లకి ఒక సరదా విషయం. పాత 2జీ కాల్స్ దాదాపు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే పంపేవి. అంటే 120 హెర్ట్జ్ అసలు ఫోన్‌లోంచి వెళ్లేదే కాదు! పైనున్న హార్మోనిక్స్‌ని బట్టి మన మెదడే ఆ పిచ్‌ని లెక్కకట్టుకునేది. వోల్టీఈ హెచ్‌డీ వాయిస్ వచ్చాక పరిధి సుమారు 50 నుంచి 7,000 దాకా పెరిగింది. గొంతులోని సూక్ష్మమైన తేడాలు ఇప్పుడు ఇంకా స్పష్టంగా వెళ్తాయి.

రెజొనెన్స్‌ని విడిగా వినాలంటే గుసగుసగా మాట్లాడండి. గుసగుసలో స్వరతంత్రులు కంపించవు, కాబట్టి పిచ్ ఉండదు. వినిపించేదంతా గొట్టం ఆకారమే. గుసగుసగా 'ఆ' అని, మెల్లగా 'ఈ'లోకి జరగండి. శబ్దం కాంతివంతంగా మారడం తెలుస్తుంది. ఇప్పుడు కంఠమణి మీద వేలు పెట్టి గుటక వేయండి, పైకి లేస్తుంది. ఆవులించండి, కిందికి దిగుతుంది. గుటక వేయకుండానే, బిగపట్టకుండానే దాన్ని కొంచెం పైన ఉంచి మాట్లాడటమే సాధనలో కష్టమైన భాగం. వారంలో వచ్చేది కాదు, నెలలు పడుతుంది.

సెటప్

కొత్త మైక్ కొనక్కర్లేదు. ఫోన్ మైక్ చాలు, నోటికి జానెడు దూరంలో రోజూ ఒకేచోట పెట్టండి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో మాత్రం రికార్డ్ చేయొద్దు. మైక్ ఆన్ కాగానే చాలా బడ్స్ కాల్ మోడ్‌లోకి పడిపోయి 8 లేదా 16 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌కి దిగుతాయి, మీరు వెతుకుతున్న తేడాలే పోతాయి. నాయిస్ రిడక్షన్ ఆఫ్ చేసి, వేవ్ ఫార్మాట్‌లో సేవ్ చేయండి. వినడానికి వైర్డ్ ఇయర్‌ఫోన్స్ బెస్ట్.

గ్రాఫ్ చూడాలంటే ఆండ్రాయిడ్‌లో స్పెక్ట్రాయిడ్ లాంటి స్పెక్ట్రమ్ యాప్ ఉంది. ల్యాప్‌టాప్ ఉంటే నా ఓటు ప్రాట్‌కే. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో పాల్ బోర్స్మా, డేవిడ్ వీనింక్ తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. చూడ్డానికి విండోస్ 95 కాలంలా ఉంటుంది, కానీ పిచ్‌నీ రెజొనెన్స్‌నీ రెండూ గీసి చూపిస్తుంది.

మొదటి రోజు మీ రికార్డింగ్ మీకే నచ్చదు. ఎవరికైనా అంతే. మన గొంతు మనకి గాలిలోంచే కాదు, పుర్రె ఎముకల ద్వారా కూడా వినిపిస్తుంది, అందుకే లోపల బరువుగా అనిపిస్తుంది. రికార్డింగ్‌లో ఉన్నదే లోకం వినేది.

రోజుకి 10-15 నిమిషాలు చాలు. ముందు గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి బుడగలు వస్తూ 'ఊ' అనండి, గొంతు మీద భారం తగ్గుతుంది. నొప్పి వస్తే అక్కడే ఆపేయాలి. బొంగురు రెండు మూడు వారాలు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. వీలుంటే మొదటి నుంచే స్పీచ్ థెరపిస్ట్ పర్యవేక్షణలో చేయడం మేలు. మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఈ రంగంలో పెద్ద ప్రభుత్వ సంస్థ. యుక్తవయసు దాటినా గొంతు మారని అబ్బాయిలకి కూడా థెరపీ ఉంటుంది, చాలామందికి బాగా పనిచేస్తుంది.

ఫైల్స్ డిలీట్ చేయొద్దు. రోజుకి అర నిమిషం మోనో వేవ్ అంటే సుమారు రెండున్నర ఎంబీ, ఏడాదికి ఒక జీబీ కూడా కాదు. ఫైల్ పేరులో తేదీ పెట్టి, ప్రతిసారీ అవే నాలుగు వాక్యాలు చదవండి. నిన్నటి ఫైల్‌తో పోలిస్తే ఏమీ తెలియదు, మూడు నెలల కిందటి దానితో పోల్చి వినండి.