డాక్టరుకు నిజం చెప్పగలుగుతున్నారా?

హెచ్‌ఐవీ చికిత్స ఇప్పుడు రోజుకు ఒక్క మాత్రకు వచ్చింది. అదీ ఉచితంగానే దొరుకుతోంది. అయినా కొందరిలో వైరస్ అదుపులోకి రావటం లేదు. మందు మంచిదే. చాలాసార్లు చిక్కంతా డాక్టరు గదిలో జరగాల్సిన మాటలు జరగకపోవటంలోనే ఉంటోంది.

ఏఆర్‌టీ కేంద్రాల్లో రోజూ వినిపించే ప్రశ్న ఒకటుంది. 'మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?' దానికి వచ్చే జవాబూ ఒకటే. 'వేసుకుంటున్నానండీ.' సీసాలో మిగిలినవి లెక్కపెడితే అదీ సరిపోతుంది. తీరా వైరల్ లోడ్ రిపోర్టు చేతికొస్తే అంకె వేలల్లో ఉంటుంది. అప్పుడు కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. లెక్క తప్పితే తిడతారని, మిగిలిన మాత్రలు దారిలో కాలవలో పారేసి వచ్చామని చెప్పినవాళ్లను నేను చాలామందిని చూశాను.

మీరు గానీ, మీ ఇంట్లోవాళ్లు గానీ ఈ మందులు వాడుతుంటే ఇది మీకోసమే. మీరు ఆస్పత్రిలో పనిచేసేవారైతే మరీ ముఖ్యంగా చదవండి.

మారిన మందు

మన దేశంలో ప్రభుత్వం ఉచిత ఏఆర్‌టీని 2004 ఏప్రిల్ 1న మొదలుపెట్టింది. హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్నవిగా అప్పట్లో గుర్తించిన 6 రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ రోజుల్లో సీడీ4 కణాలు బాగా పడిపోయాకే మందు ఇచ్చేవారు. 2017 నుంచి ఆ నిరీక్షణ లేదు. జబ్బు నిర్ధారణ అయితే చాలు, సీడీ4 ఎంతున్నా చికిత్స మొదలుపెట్టొచ్చు. ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్న మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు మందులు కలిసి ఉంటాయి.

దీన్ని క్రమం తప్పకుండా వేసుకుంటే రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గి, అలాగే నిలబడితే లైంగికంగా భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు. ఐరోపాలో 888 జంటలను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించారు. జంటలో ఒకరికి హెచ్‌ఐవీ ఉంది, మందుతో అదుపులో ఉంది. కండోమ్ లేకుండా దాదాపు 58 వేల సార్లు కలిసినా, భాగస్వామి నుంచి వైరస్ సోకిన ఘటన ఒక్కటీ లేదు. ఈ మాట కలయిక వరకే వర్తిస్తుంది. సూదులు పంచుకోవటానికి, తల్లిపాలకు ఇదే ధీమా ఇవ్వలేం. అయినా ఇంత పెద్ద శుభవార్త, ఏళ్ల తరబడి మందు వాడుతున్నవాళ్లలో కూడా ఎందరికో తెలియదు. వాళ్లకెవరూ చెప్పలేదు. ఏం అడిగితే ఏమనుకుంటారోనని వాళ్లూ అడగలేదు.

మాత్ర మానటానికి వంద కారణాలు

అందరూ మతిమరుపు వల్లే మానరు. అత్తగారింట్లో తెలియకూడదని మాత్రలను సీసాలోంచి తీసి బియ్యం డబ్బాలో దాచుకునే కోడలు, పండక్కి ఇంటినిండా చుట్టాలుంటే ఆ నాలుగు రోజులూ డబ్బా జోలికే వెళ్లదు. మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లిన కూలీ పని మధ్యలో తిరిగి రాలేడు. మాల వేసుకున్నాక మందులు ముట్టకూడదనుకునేవాళ్లు కొందరు. ఉపవాసం రోజున ఖాళీ కడుపుతో వేసుకుంటే హాని అనుకునేవాళ్లు మరికొందరు.

వీటిలో దాదాపు ప్రతిదానికీ దారి ఉంది. డోలుటెగ్రావిర్ మాత్రను తిన్నాక వేసుకున్నా, తినకముందు వేసుకున్నా ఒకటే. దూరం వెళ్తున్నట్టు ముందే చెబితే, వైరస్ అదుపులో ఉన్నవారికి 2, 3 నెలల మందు ఒకేసారి ఇవ్వొచ్చు. లేదా వెళ్లిన చోటి కేంద్రంలో తీసుకునేలా రాసివ్వొచ్చు. ఇంట్లో దాచుకోలేకపోతే పని దగ్గర పెట్టుకునే సంగతి కౌన్సెలర్‌తో కలిసి ఆలోచించొచ్చు. అయితే ఇవన్నీ మీరు నోరు తెరిచి చెబితేనే.

మద్యం సంగతి వేరే చెప్పాలి. డోలుటెగ్రావిర్‌కు ముందు వాడిన మాత్రల్లో ఎఫావిరెంజ్ ఉండేది. దానివల్ల తల తిరిగేది కాబట్టి పడుకునే ముందు వేసుకోమనేవాళ్లం. మందు మారి ఏళ్లయినా చాలామంది ఇంకా ఆ రాత్రి వేళనే పట్టుకుని ఉన్నారు. సాయంత్రం తాగొచ్చిన మనిషి 'మందు మీద మందు ప్రమాదం' అనుకుని మాత్ర మానేస్తాడు. మర్నాడూ అంతే. తాగకపోతే అన్నిటికన్నా మేలు, అందులో సందేహం లేదు. కానీ తాగిన రోజు కూడా మాత్ర మానకూడదు. వేళను పొద్దున కాఫీ సమయానికి మార్చుకుంటే ఈ గొడవే ఉండదు. ఇంత చిన్న మార్పు చెప్పాలన్నా ముందు ఆ మనిషి తాగుతున్నానని చెప్పాలిగా. 'తాగుతున్నావా? ఇక నీకు మందులెందుకు?' అనే చోట ఎవరు చెబుతారు?

అబద్ధం వల్ల వచ్చే నష్టం ఏమిటంటే, మాత్రలన్నీ వేసుకుంటున్నా వైరస్ తగ్గలేదంటే మందుకు లొంగటం లేదని అనుకోవాల్సి వస్తుంది. వైరల్ లోడ్ 1,000 దాటితే వెంటనే మందు మార్చరు. 3 నెలలు కౌన్సెలింగ్ చేసి మళ్లీ పరీక్షిస్తారు. ఆ మూడు నెలల్లోనూ నిజం బయటికి రాకపోతే, అవసరం లేని రెండో వరస మందుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. ఒక డోసు మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి డోసుకు 4 గంటలే ఉంటే వదిలేసి, దాన్ని వేళకు వేసుకోండి. రెండూ కలిపి మింగొద్దు.

మా వైపు మాట

ఒక్క డాక్టరు, ఎదురుగా వంద మంది. ఇది మా వాస్తవం. అందరితో పావుగంట మాట్లాడటం కుదరదు. కానీ ప్రశ్నను తిప్పి అడగటానికి అదనంగా సమయమేమీ పట్టదు. 'సరిగ్గా వేసుకుంటున్నారా' అంటే అవును అనటం తప్ప మరో దారి ఉండదు. 'నెలలో ఒకటో రెండో తప్పటం మామూలే, మీకు ఎన్ని తప్పాయి?' అని అడిగి చూడండి. అవతలి ముఖంలో బిగువు సడలుతుంది. 'ఇది ఎలా తెచ్చుకున్నావ్' అనే ప్రశ్న చికిత్సకు ఏ విధంగానూ పనికిరాదు. అయినా మన వార్డుల్లో అది ఇంకా వినిపిస్తూనే ఉంది. పేపర్లలో రాసే 'బాధితుడు' అనే మాట కూడా నాకు నచ్చదు. రోజూ పనికెళ్లి, పిల్లల ఫీజులు కట్టుకుంటున్న మనిషిని జీవితాంతం ఆ పేరుతో ఎందుకు పిలవాలి?

కేస్‌షీటు మీద ఎర్ర సిరాతో రాయటం, మంచానికి గుర్తు పెట్టటం, ఆ ఒక్కరికే రెండు జతల గ్లవుజులు వేసుకోవటం... వీటివల్ల ఎవరికీ రక్షణ పెరగదు. జాగ్రత్తలు ప్రతి రోగి దగ్గరా ఒకటే ఉండాలి, ఎందుకంటే పరీక్ష చేయించుకోనివాళ్లే ఎక్కువ. హెచ్‌ఐవీ ఉన్నవారికి వాడిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యిలో 3. హెపటైటిస్-బితో పోలిస్తే ఇది చాలా తక్కువ. గుచ్చుకున్నా, వీలైతే 2 గంటల్లోపు, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటల్లోపు మందు మొదలుపెట్టి 28 రోజులు వాడితే రక్షణ ఉంటుంది. ఇన్ని తెలిసీ ఆపరేషన్ చేయం పొమ్మనటానికి శాస్త్రం ఒప్పుకోదు.

చట్టమూ ఒప్పుకోదు. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మీకు వివరించి, మీ సమ్మతి తీసుకున్నాకే పరీక్ష చేయాలి. పరీక్ష చేయించుకుంటేనే వైద్యం చేస్తామని షరతు పెట్టకూడదు. మీ సమ్మతి లేకుండా మీ సంగతి బయటపెట్టకూడదు. భార్యాభర్తల విషయంలో చట్టమే కొంత మినహాయింపు ఇచ్చింది. అక్కడ కూడా ముందు కౌన్సెలింగ్ చేసి, మీరే చెప్పటానికి అవకాశమివ్వాలి. చెబితే హింస తప్పదనే స్థితిలో ఉన్న మహిళకు రక్షణ ఉంది. 20 మంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ఆస్పత్రిలో ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలి. రాష్ట్రానికో అంబుడ్స్‌మన్ ఉండాలి. ఎవరిని కలవాలో తెలియకపోతే 1097కు ఫోన్ చేయండి. అది ఉచితం.

ఇవి అడగండి

మీ వైరల్ లోడ్ ఎంత, మళ్లీ పరీక్ష ఎప్పుడు? మందు మొదలుపెట్టాక 6 నెలలకు, ఆపై 12 నెలలకు, తర్వాత ఏడాదికోసారి చేయించాలి. మీ అంకె మీకు తెలిసి ఉండాలి. బయట వేరే డాక్టరు క్యాల్షియం, ఐరన్, గ్యాస్ తగ్గించే యాంటాసిడ్ రాస్తే ఇక్కడ చెప్పండి. అవి డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. ఈ మాత్రను వాటికన్నా 2 గంటల ముందు గానీ, 6 గంటల తర్వాత గానీ వేసుకోవాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే డోసు చూసుకోవాలి. క్షయకు రిఫాంపిసిన్ మొదలుపెడితే డోలుటెగ్రావిర్‌ను రోజుకు రెండుసార్లు వేసుకోవాల్సి ఉంటుంది. హెచ్‌ఐవీ సంగతి బయటి డాక్టరుకు చెప్పటం ఇష్టం లేక ఈ చీటీలు ఇక్కడా చూపించనివాళ్లు చాలామంది. కనీసం మాకైనా చూపించండి.

పిల్లలు కావాలని ఉంటే ఆ మాటా అడగండి. తల్లికి చికిత్స లేకపోతే బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. సరైన చికిత్సతో 5 శాతం కన్నా తక్కువకు తేవచ్చు. వైరస్ అదుపులోకి వచ్చాక గర్భం దాలిస్తే ఇంకా మంచిది. 'ఈ జబ్బుతో పిల్లలేంటి' అంటారేమోనని చెప్పకుండా గర్భం దాల్చి, అయిదో నెలలో వచ్చేవాళ్లను చూస్తుంటే మనసు చివుక్కుమంటుంది. ముందే వచ్చి ఉంటే ఎంత బాగుండేదో.

ఇక పుట్టుకతోనే వైరస్ ఉన్న పిల్లలు. వీళ్లలో చాలామంది అమ్మమ్మ దగ్గరో, మేనమామ దగ్గరో పెరుగుతున్నారు. 'బలం మాత్ర' అని చెప్పి రోజూ వేస్తుంటారు. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేసరికి 'నాకు బలంగానే ఉందిగా, ఇంకెందుకు' అని మానేస్తారు. లేకపోతే ఫోన్‌లో మాత్ర పేరు కొట్టి తామే తెలుసుకుని, ఇంట్లోవాళ్లతో మాటలు మానేస్తారు. 6 నుంచి 12 ఏళ్ల లోపు, వయసుకు తగ్గ మాటల్లో కొద్దికొద్దిగా చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ముందు 'నీ రక్తంలో ఒక క్రిమి ఉంది, ఈ మాత్ర దాన్ని నిద్రపుచ్చుతుంది' అంటే చాలు. దాని పేరు తర్వాత చెప్పొచ్చు. మీ ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే, ఈసారి మందులకు వచ్చినప్పుడు ముందుగా మీరొక్కరే కౌన్సెలర్‌ను కలవండి. ఎప్పుడు చెప్పాలి, ఎవరు చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అనేది ఇద్దరూ కలిసి అనుకున్నాకే బిడ్డను లోపలికి పిలవండి.