మధ్యాహ్నం రెండుకే మొరాయించే ఏసీ: గ్యాస్ పట్టించే ముందు గ్రాఫ్ తీయండి

పూర్తిగా ఆగిపోయిన ఏసీని బాగు చేయడం తేలికే. అప్పుడప్పుడు మాత్రమే కూలింగ్ మానేసే ఏసీతోనే అసలు తంటా. మెకానిక్ వచ్చేసరికి బుద్ధిగా పనిచేస్తుంటుంది, ఆయన బైక్ సందు దాటగానే మళ్లీ వేడిగాలి. మన కోడ్‌లో రీప్రొడ్యూస్ కాని బగ్ లాంటిదే ఇది. దాన్ని ఎలా పట్టుకుంటామో దీన్నీ అలాగే పట్టుకోవాలి: ముందు లాగ్ కావాలి.

ఉరవకొండలో మా మామ వాళ్ల పట్టుచీరల షాపు ఉంది. పైఅంతస్తు హాల్‌కి ఐదున్నర టన్నుల డక్టబుల్ ఏసీ. పెళ్లిళ్ల సీజన్‌లో, అదీ మే ఎండల్లో, మధ్యాహ్నం కూలింగ్ పోతే కస్టమర్లు రెండో చీర మడత విప్పకముందే లేచిపోతారు. వచ్చిన ఇద్దరు మెకానిక్‌లదీ ఒకటే మాట, "గ్యాస్ తక్కువైంది". ఒకసారి పట్టించారు కూడా. వారం తిరక్కుండా మళ్లీ అదే కథ.

ఏసీ గ్యాస్ బైక్‌లో పెట్రోల్ కాదు, వాడేకొద్దీ అయిపోవడానికి. సీల్ చేసిన పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. లీక్ వెతక్కుండా గ్యాస్ పట్టించడం దండగ.

సెటప్ వెయ్యి రూపాయల లోపే అయిపోతుంది. ఒక ఈఎస్‌పీ32 బోర్డు, రెండు డీఎస్18బీ20 టెంపరేచర్ సెన్సార్లు, ఒక 4.7 కిలో ఓమ్ రెసిస్టర్. సెన్సార్లు రెండూ ఒకే డేటా పిన్ మీద పనిచేస్తాయి. ఒకటి గాలి లోపలికి వెళ్లే రిటర్న్ గ్రిల్ దగ్గర, ఇంకోటి చల్లగాలి బయటికొచ్చే గ్రిల్ దగ్గర. పది సెకన్లకో రీడింగ్. ఈ సెన్సార్‌లో అర డిగ్రీ తేడా మామూలే కాబట్టి బిగించే ముందు రెండింటినీ ఒకే గ్లాసు నీళ్లలో ముంచి తేడా రాసిపెట్టుకోండి. మనకి కావాల్సింది రెండు రీడింగుల మధ్య గ్యాప్. ఏసీ సరిగ్గా నడుస్తుంటే అది సుమారు 8 నుంచి 12 డిగ్రీలు ఉంటుంది.

ఆ గ్యాప్ ఎలా పడిపోయిందన్నదే అసలు క్లూ. గంటా రెండు గంటల్లో మెల్లగా తగ్గుతూ, గ్రిల్‌లోంచి వచ్చే గాలి కూడా పలచబడి, ఆపి ఓ గంట తర్వాత వేస్తే మళ్లీ బాగుంటే, లోపలి కాయిల్ మీద ఐస్ కడుతున్నట్టు. ఫిల్టర్, బ్లోయర్ బెల్ట్ చూడాలి. గ్యాస్ అనుమానం న్యాయంగా వచ్చేది ఇక్కడే. టైమ్‌తో సంబంధం లేకుండా ఠక్కున పడిపోతుంటే కరెంటు వైపు చూడాలి. బోరు మోటార్ స్టార్టర్‌లో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. త్రీఫేజ్ డక్టబుల్ ఏసీల్లోనూ అలాంటి రిలేనే ఉంటుంది, ఒక ఫేజ్ తగ్గితే కంప్రెసర్‌ని ఆపేస్తుంది.

షాపు గ్రాఫ్ ఈ రెండూ కాదు. మధ్యాహ్నం రెండు ప్రాంతంలో గ్యాప్ పది నుంచి నిమిషాల్లో సున్నాకి వచ్చేసింది, బ్లోయర్ మాత్రం జోరుగానే తిరుగుతోంది. కాసేపటికి తనంతట తానే కోలుకుని మళ్లీ పడిపోయింది. పొద్దు గూకాక ఒక్కసారి కూడా పడలేదు. అంటే అవుట్‌డోర్ యూనిట్ వేడిని బయటికి తోయలేక హై ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని కట్ చేస్తోంది. మిద్దె మీదికెక్కి చూస్తే కండెన్సర్ రెక్కల మధ్య దుమ్ము, దారప్పోగులు కలిసి కంబళిలా పట్టాయి. పైగా ఎండ తగలకూడదని ఎవరో యూనిట్ నెత్తినే రేకు కట్టారు. ఫ్యాన్ పైకి తోసిన వేడిగాలి ఆ రేకుకి తగిలి మళ్లీ కాయిల్‌లోకే పోతోంది. మెయిన్ ఆఫ్ చేయించి, లోపలి నుంచి బయటికి తక్కువ ప్రెషర్ నీళ్లతో కడిగించాం, రేకు పీకించాం. మర్నాడు రెండింటికి గ్రాఫ్‌లో గీత కదల్లేదు.

ఒక జాగ్రత్త. సెన్సార్లు గ్రిల్ దగ్గరే ఆగాలి. ప్యానెల్ లోపల 415 వోల్టులుంటాయి, ఆ మూత తీయడం మెకానిక్ పని.

బోర్డు మాత్రం అక్కడే ఉంచేశాం. ఉరవకొండ చుట్టూ గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా, ఆషాఢం గాలి మొదలైతే ఆ రెక్కలు మళ్లీ పూడుకుపోతాయి. గ్యాప్ పది నిమిషాల పాటు ఆరు డిగ్రీల లోపు ఉంటే మామ ఫోన్‌కి టెలిగ్రామ్ మెసేజ్ వెళ్తుంది.