కీళ్లవాతము - కడుపుమంట

ఉదయమున నిద్రలేచినది మొదలు గంటసేపటివరకును వ్రేళ్లు ముడుచుకొనక, చెంబు పట్టుటకైనను శక్యముగాని కీళ్లవాతమును గూర్చి మేమిచ్చట వ్రాయుచున్నాము. వార్ధక్యమున కీళ్లరుగుటచే వచ్చు నొప్పి వేరు. ఇందు శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే కీళ్లలోని పొరపై తిరుగబడి వాపు పుట్టించును. పురుషులకంటె స్త్రీలకే యిది రెండు మూడింతలు హెచ్చు. మాకును వచ్చి ఆరేండ్లయినది.

మాధవకరుడు తన నిదానగ్రంథమున ఆమవాతమును వర్ణించుచు కీళ్లవాపుతోపాటు మందాగ్నిని, అరుచిని గూడ పేర్కొనెను. ఆ రోగమును ఈ రోగమును అక్షరాల నొకటియే యనుట సాహసము. అయినను కీలునకును కడుపునకును గల సంబంధమును ప్రాచీనులు గమనించి యుండిరి.

నేడు కడుపు చెడుటకు పెక్కుమారులు మందే కారణము. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి నొప్పిమాత్రలు ప్రోస్టాగ్లాండినులను పదార్థముల పుట్టుక నడ్డగించునని 1971లో జాన్ వేన్ అను శాస్త్రజ్ఞుడు తెలిపిన విషయము ననుసరించి గ్రహింపదగును. కీళ్లలో వాపు పెంచునవి యీ పదార్థములే. కడుపులోని పొరను ఆమ్లమునుండి కాపాడునవియు నివియే. కావున సూదిమందు వేయించుకొన్నను ముప్పు తప్పదు. అది రక్తముద్వారా కడుపునకు చేరనే చేరును. "సూదియైన కడుపున పడదు గదా" యని మా వీథి యిల్లాండ్రు చెప్పుకొనుట మేము పలుమారు వింటిమి.

మా పొరుగింటి సోదరి యొకతె కడుపుమంటకు వెఱచి మందులన్నిటిని ఒక్కసారిగా మానివేసినది. వానిలో వారమున కొకమారు మ్రింగు మెథోట్రెక్సేటు గూడ నుండెను. నొప్పిమాత్ర బాధ నడచును. మెథోట్రెక్సేటు రోగమునే యణచి కీలు చెడకుండ నాపును. ఈ భేదము నామెకు చెప్పినవారు లేరైరి. రెండేండ్లలో వ్రేళ్లు ప్రక్కకు వంగిపోయినవి. ఇప్పుడు కూతురే తల్లికి జడ వేయుచున్నది.

మెథోట్రెక్సేటు వికారము పుట్టించుట నిజమే. దానికి ఫోలిక్ ఆమ్లపు మాత్రను వైద్యుడు చెప్పిన దినమున వేసికొన్నచో చాలవరకు తగ్గును. తగ్గనిచో సూదిమందుగా నిత్తురు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వముననే అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున ఫోలిక్ ఆమ్లమును, ఈ మందును గూడ తయారైనవి. మందును దాని బాధకు విరుగుడును ఒక తెలుగువాని చేతిమీదుగా వచ్చుట మాకెంతయు ముచ్చట. అయితే వారమున కొకసారి వేయవలసినదానిని దినదినము మ్రింగిన ప్రాణాపాయము. బిడ్డను కోరువారు ముందుగానే వైద్యునకు తెలుపవలెను, గర్భిణులకిది కూడదు.

నొప్పిమాత్ర తప్పనిసరియైనచో భోజనానంతరమున, తక్కువ మోతాదున, కొద్దిదినములే వాడుడు. రెండు రకములు ఒక్కమారు వలదు. ఆమ్లము తగ్గించు పాంటోప్రజోలు వంటిదానిని చేర్చుమని వైద్యు నడుగవచ్చును. సెలికాక్సిబు కడుపునకు కొంత మృదువు. కాని యా జాతికే చెందిన రోఫికాక్సిబును గుండెపోటుల కారణమున 2004లో అంగళ్లనుండి తొలగించిరి గనుక హృద్రోగులు జాగ్రత్తపడవలెను. వ్రేళ్లకు, మణికట్టునకు డైక్లోఫినాక్ లేపనము మేలు. రక్తమున చేరునది స్వల్పము. పేరులేని పొట్లములలో నమ్ము వాతచూర్ణములను మేము గడప దాటనీయము. అట్టివానిలో స్టెరాయిడు కలుపుట పెక్కుచోట్ల బయటపడినది. మలము తారువలె నల్లనైనను, వాంతిలో నెత్తురు కనబడినను నాడే ఆసుపత్రికి పోవలెను. (ఇనుము మాత్రలవలనను మలము నల్లబడును, అయినను అడిగి తెలిసికొనుట మేలు.)

ఇంటిపనిలో మందు లేని యుపాయములు కొన్ని కలవు. లేచినతోడనే గోరువెచ్చని నీట చేతులుంచి వ్రేళ్లు మెల్లగా ముడిచి చాపుడు. గరిటె కాడకు గుడ్డ చుట్టి లావు చేయుడు. గిన్నెను వ్రేళ్లతో గాక రెండరచేతులతో నెత్తుడు. బట్టలు పిండుట మాత్రము ఇతరులకు విడువవలసినదే. మా యింట పంతులుగారే పిండుచున్నారు. బడిపిల్లలు రెండు దినములు చూచి నవ్విరి, మూడవనాడు మానిరి.