ప్రెస్సుకు పనికొచ్చే పీడీఎఫ్.. మీకు వచ్చా?

డీటీపీ అంటే వేగంగా టైప్ చేయడం, పేజీలు అందంగా పేర్చడం. చాలామంది అనుకునేది ఇంతే. కానీ తయారైన పేజీని ఒక్క అక్షరం చెదరకుండా ప్రెస్సుకు చేర్చడం వేరే విద్య. ఆ విద్య ఎక్కువగా ప్రింటర్ డ్రైవర్ సెట్టింగుల్లోనే ఉంటుంది. అది తెలిసినవాళ్లకి ప్రింటింగ్, పబ్లిషింగ్ రంగంలో మొదటి ఉద్యోగం దొరకడం కొంత తేలిక. నేర్చుకోవడానికి ఏడాది కోర్సేమీ అక్కర్లేదు. నాలుగైదు వారాంతాలు కూర్చుంటే చాలు.

బెజవాడలోనే ఎందుకు?

కృష్ణా తీరానికి అచ్చుతో అనుబంధం పాతదే. 1902లో కృష్ణాపత్రిక మచిలీపట్నంలోనే పుట్టింది. ఎమెస్కో ప్రచురణలకు మూలమైన ఎం.శేషాచలం అండ్ కంపెనీదీ ఆ ఊరే. ఇక విజయవాడ పుస్తక మహోత్సవం 1989 నుంచి నడుస్తోంది. ఇంటర్ గైడ్లు, పోటీ పరీక్షల మెటీరియల్, కాలేజీల ప్రశ్నపత్రాలు, క్యాలెండర్లు, పెళ్లి శుభలేఖలు.. ఇవన్నీ ఎవరో ఒకరు కంప్యూటర్ మీద పేజీలు పెడితేనే అచ్చవుతాయి.

ఈ డీటీపీ సెంటర్లలో అడుగుపెడితే ఇంజినీరింగ్ విద్యార్థులు కాస్త ఆశ్చర్యపోతారు. చాలా చోట్ల ఇప్పటికీ పేజ్‌మేకరే దర్శనమిస్తుంది! 1985లో ఆల్డస్ కంపెనీ తెచ్చిన సాఫ్ట్‌వేర్ ఇది. 1994లో అడోబీ చేతికి వెళ్లింది. చివరి పెద్ద వెర్షన్ 7 వచ్చింది 2001లో. అయినా వదలకపోవడానికి కారణం ఉంది. ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లన్నీ అందులోనే, ‘అను’ లాంటి పాత తెలుగు ఫాంట్లలోనే ఉన్నాయి. ఏటా కొద్దిపాటి మార్పులతో మళ్లీ అచ్చయ్యే గైడును మొత్తం కొత్తగా కంపోజ్ చేయించాలంటే పబ్లిషర్‌కు ఖర్చు, ఆపరేటర్‌కు చాకిరీ.

తెలుగుకే ఎక్కువ చిక్కు

ఇంగ్లిష్ పుస్తకంలో ఒక ఫాంట్ తప్పిపోతే ఇంకో ఫాంట్ వచ్చి కూర్చుంటుంది. అందం తగ్గుతుందేమో గానీ చదవొచ్చు. పాత తెలుగు ఫాంట్లతో అలా కుదరదు. అవి యూనికోడ్ ఫాంట్లు కావు. ఇంగ్లిష్ అక్షరాలకూ, గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తుల బొమ్మలు పెట్టి తయారుచేసినవి. కంప్యూటర్ దృష్టిలో మీరు టైప్ చేసింది తెలుగే కాదు, ఏవో కొన్ని కోడ్‌లు. ఫాంట్ పక్కన ఉంటేనే ఆ కోడ్‌లు ‘కృష్ణ’ అవుతాయి. లేకపోతే డాలర్లు, కామాలు, యాసలున్న రోమన్ అక్షరాల గందరగోళం!

గుడివాడలో చేసిన పేజ్‌మేకర్ ఫైల్‌ను విజయవాడ ప్రెస్సులో తెరిస్తే గీతలు, గుర్తులు కనిపించేది ఇందుకే. కాబట్టి పీడీఎఫ్‌లోకి ఫాంట్‌ను కూడా ఎక్కించి పంపాలి. దీన్నే ఫాంట్ ఎంబెడింగ్ అంటారు. మన భాషకు ఇది నాణ్యత పెంచే అదనపు హంగు కాదు, అక్షరం నిలబడటానికి కనీస అవసరం.

కాగితం లేని ప్రింటర్

పేజ్‌మేకర్ నుంచి పీడీఎఫ్ రావాలంటే మధ్యలో పోస్ట్‌స్క్రిప్ట్ అనే భాష ఉంటుంది. పేజీలో ఏ గీత ఎక్కడ, ఏ అక్షరం ఎంత సైజులో ఉండాలో చెప్పే భాష ఇది. ప్రింటర్ డ్రైవర్ మీ పేజీని ఈ భాషలో రాస్తుంది. అడోబీ డిస్టిలర్ దాన్ని చదివి పీడీఎఫ్‌గా మారుస్తుంది. అక్రోబాట్ పూర్తి వెర్షన్ ఇన్‌స్టాల్ చేస్తే ప్రింటర్ల జాబితాలో ‘అడోబీ పీడీఎఫ్’ అనే పేరు చేరుతుంది. కాగితం రాదు గానీ, సాఫ్ట్‌వేర్ దృష్టిలో అదీ ఒక ప్రింటరే. చాలా పాత వెర్షన్లలో దీని పేరు ‘అక్రోబాట్ డిస్టిలర్’.

‘విండోస్‌లోనే ప్రింట్ టు పీడీఎఫ్ ఉందిగా, అది చాలదా?’ అంటారా? రికార్డులకూ రసీదులకూ చాలు. పుస్తకానికి చాలదు. అది పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ కాదు. మ్యాథ్స్ గైడునే తీసుకోండి. అందులోని సమీకరణాలను చాలామంది మ్యాథ్‌టైప్‌లో చేసి ఈపీఎస్ బొమ్మలుగా పేజీలో పెడతారు. పోస్ట్‌స్క్రిప్ట్ కాని ప్రింటర్‌కు పంపితే అసలు సమీకరణం బదులు తెర మీద చూడటానికి ఉంచిన ముతక నమూనా వెళ్తుంది. ఘాతాంకం అలుక్కుపోతే, మైనస్ గుర్తు మాయమైతే ఆ పుస్తకంతో పరీక్షకు చదివే పిల్లాడి పరిస్థితి ఏంటి?

సెట్టింగులు ఇలా..

పేజీలు పెట్టకముందే: డాక్యుమెంట్ సెటప్‌లో ‘కంపోజ్ టు ప్రింటర్’ దగ్గర అడోబీ పీడీఎఫ్‌ను ఎంచుకోండి. పేజ్‌మేకర్ ఆ ప్రింటర్‌ను బట్టే లైన్లు సర్దుతుంది. పని మొత్తం అయ్యాక ప్రింటర్ మార్చితే లైన్లు మళ్లీ సర్దుకుని, పేరా చివరి పదం పక్క పేజీకి జారే ప్రమాదముంది.

ఫాంట్ల దగ్గర: విండోస్‌లో అడోబీ పీడీఎఫ్ ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్ తెరవండి. ‘రిలై ఆన్ సిస్టమ్ ఫాంట్స్ ఓన్లీ’ అని మొదలయ్యే గడిలో టిక్ ఉంటే తీసేయండి. అది ఉంటే డాక్యుమెంట్‌లోని ఫాంట్లు వెంట వెళ్లవు. అడ్వాన్స్‌డ్‌లో ట్రూటైప్ ఫాంట్లకు ‘డౌన్‌లోడ్ యాజ్ సాఫ్ట్‌ఫాంట్’ పెట్టండి.

నాణ్యత దగ్గర: ‘స్మాలెస్ట్ ఫైల్ సైజ్’ జోలికి వెళ్లొద్దు. అది రంగుల బొమ్మలను అంగుళానికి 100 పిక్సెళ్లకు కుదిస్తుంది. ‘ప్రెస్ క్వాలిటీ’లో 450 దాటిన బొమ్మలే 300కు తగ్గుతాయి. లైన్ డ్రాయింగ్ లాంటి నలుపు-తెలుపు బొమ్మలు 1200 దగ్గర ఉంటాయి. ప్రెస్సువాళ్లు పీడీఎఫ్/ఎక్స్-1ఏ అడిగితే అదే ఎంచుకోండి. ఈ ప్రమాణంలో ఫాంట్లన్నీ ఎంబెడ్ కావాల్సిందే, ఆర్‌జీబీ రంగులకు చోటు లేదు. ఫొటోలను ముందే ఫొటోషాప్‌లో సీఎంవైకేకి మార్చుకోవాలి.

సైజు దగ్గర: డెమీ 1/8 పుస్తకమంటే సుమారు 5.5 × 8.5 అంగుళాలు. అంచు దాకా రంగు ఉంటే నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ వదలాలి. కటింగ్ గుర్తులు కూడా పట్టేలా ప్రింటర్‌లో కాగితం సైజును పేజీ కన్నా పెద్దగా పెట్టాలి. లేకపోతే గుర్తులు బయటే ఆగిపోతాయి.

పంపేముందు మూడు పరీక్షలు

ఒకటి: ఉచిత రీడర్‌లో పీడీఎఫ్ తెరిచి కంట్రోల్, డి నొక్కండి. ఫాంట్స్ ట్యాబ్‌లో ప్రతి పేరు పక్కనా ‘ఎంబెడెడ్’ లేదా ‘ఎంబెడెడ్ సబ్‌సెట్’ అని ఉండాలి. ఒక్కదానికి లేకపోయినా పంపొద్దు.

రెండు: ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లోనో, ఫోన్‌లోనో తెరిచి చూడండి. మీ కంప్యూటర్‌లో అన్నీ బాగానే కనిపిస్తాయి, ఎందుకంటే ఫాంట్లు అక్కడే ఉన్నాయి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గానే పంపాలి.

మూడు: అక్రోబాట్ ప్రోలో అవుట్‌పుట్ ప్రివ్యూ తెరిచి నలుపు ప్లేటు పక్కనున్న టిక్ తీసేయండి. నల్లటి అక్షరాలన్నీ మాయమవ్వాలి. ఇంకా కనిపిస్తున్నాయంటే అవి నాలుగు రంగుల కలయికతో ఏర్పడిన నలుపు అన్నమాట. అచ్చులో ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా సన్నటి ఒత్తులు, వట్రసుడులు రెండుగా కనిపిస్తాయి.

ఈ మూడింటికీ పది నిమిషాలు పట్టదు. వేల కాపీలు అచ్చయ్యాక బయటపడే తప్పుకు మాత్రం ప్లేట్లు, కాగితం, బైండింగ్.. అన్నీ మళ్లీ పెట్టుకోవాలి. చూసి పంపేవాళ్లకు విలువ వచ్చేది ఇక్కడే.

పేజ్‌మేకర్‌తో ఆగిపోవద్దు

పాత ఫైళ్లకు పేజ్‌మేకర్ తెలియాలి, కొత్త పనికి ఇన్‌డిజైన్ రావాలి. ఇందులో పీడీఎఫ్ నేరుగా ఎక్స్‌పోర్ట్ అవుతుంది, ప్రింటర్ డ్రైవర్‌తో పనిలేదు. యూనికోడ్ తెలుగు సరిగ్గా కుదరాలంటే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో ‘వరల్డ్-రెడీ కంపోజర్’ ఎంచుకోవాలి. లేదంటే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఎంబెడింగ్, బ్లీడ్, సీఎంవైకే, నలుపు ప్లేటు.. ఇవి మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా మారవు.

డబ్బు పెట్టలేమనుకుంటే పైరసీ కాపీల వెంట పడక్కర్లేదు. స్క్రైబస్ ఉచితం, పీడీఎఫ్/ఎక్స్ ఫైళ్లూ ఇస్తుంది. మండలి, రామభద్ర, సూరన్న, ఎన్‌టీఆర్ లాంటి యూనికోడ్ తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వీటితోనే సాధన మొదలుపెట్టొచ్చు.

రెజ్యూమెకూ ఇదే సూత్రం

ప్రింటింగ్ రంగం వైపు వెళ్లకపోయినా ఈ పరిజ్ఞానం వృథా కాదు. వర్డ్‌లో చేసిన రెజ్యూమెను ప్రింట్ ఆదేశంతో పీడీఎఫ్ చేస్తే మీ గిట్‌హబ్, లింక్డ్‌ఇన్ లింకులు నొక్కినా పనిచేయకపోవచ్చు. ‘సేవ్ యాజ్’తో చేస్తే లింకులు నిలుస్తాయి. తర్వాత మొత్తం సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్షరాలు సరిగ్గా వస్తే రెజ్యూమెలను వడపోసే సాఫ్ట్‌వేర్లూ వాటిని చదవగలవు. ఖాళీగానో, గందరగోళంగానో వచ్చిందంటే మళ్లీ చేయాల్సిందే.

చేసి చూపించండి

డీటీపీ సెంటర్‌కో, పబ్లిషర్ ఆఫీసుకో వెళ్లేటప్పుడు సర్టిఫికెట్‌తో పాటు చేసిన పని తీసుకెళ్లండి. మీ కాలేజీ మ్యాగజైన్ నుంచో, ఊరి చరిత్ర నుంచో కొంత భాగం తీసుకుని 16 పేజీల డెమీ పుస్తకం తయారుచేయండి. తెలుగు వచనం, ఒక పట్టిక, రెండు సమీకరణాలు, ఒక రంగుల ఫొటో, అంచు దాకా రంగున్న ముఖచిత్రం ఉండాలి. పీడీఎఫ్‌తో పాటు ఏ సెట్టింగ్ ఎందుకు పెట్టారో ఒక పేజీలో రాయండి. వీలైతే ఏదైనా ప్రెస్సుకు వెళ్లి ప్లేటు తయారయ్యే తీరు ఒకసారి చూసి రండి. ‘ఈ ఫైల్‌లో ఫాంట్లు పోవు అని ఎలా చెప్పగలవు?’ అని అడిగితే కంట్రోల్, డి నొక్కి అక్కడే చూపించండి. మీకు పని వచ్చో రాదో వాళ్లకు అర్థమైపోతుంది.