ట్రాక్టర్ రేడియేటర్‌ని పట్టించుకుంటాం గదా, ల్యాప్‌టాప్ సంగతేంది?

పోయిన మే నెల్లో మా మేనల్లుడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని కారంపూడి వచ్చాడు. నరసరావుపేటలో బీటెక్ చదువుతున్నాడు. "మావయ్యా, ఇది అయిపోయింది" అన్నాడు. గేమ్ తెరిచిన పావుగంటకి బొమ్మ ఆగి ఆగి కదిలిద్ది. ఫ్యాను రైస్ మిల్లు లాగా మోగిద్ది. ఇంకాసేపటికి మొత్తం టప్పున ఆగిపోయిద్ది. టౌన్లో ఒక షాపులో చూపిస్తే "గ్రాఫిక్స్ చిప్ పోయింది, బోర్డు మార్చాలి, 22,000 అయిద్ది" అన్నారంట. మా బావ మిర్చి అమ్మిన డబ్బుల్తో కొనిచ్చిన మిషను అది. ఇంట్లో చెప్పలేక నా కాడికొచ్చాడు.

నేను ఇంజనీర్ని కాదు. ఇంటరు కాడ ఆగినోణ్ణి. మిర్చి రేటుకీ, కరెంటుకీ ధర్నాలు చేసుకునే మనిషిని. కంప్యూటర్ అంతా సొంతంగా, తప్పులు చేసుకుంటా నేర్చుకున్నదే. కానీ ట్రాక్టర్ తోలినోణ్ణి. ఇంజన్ కాగిపోతే ముందు ఇంజన్ మార్చం గదా, రేడియేటర్‌లో ఊక ఇరుక్కుందేమో చూస్తాం. అదే బుద్ధితో ల్యాప్‌టాప్ అడుగు మూత తీశా. గాలి బయటికి పోయే సందుల్లో పత్తి నూగు, దుమ్ము కలిసి చాప లాగా అల్లుకుపోయి ఉంది. పత్తి వచ్చిన రోజుల్లో ఇంట్లో పత్తి పోసిన గదిలోనే ఆడేవాడంట. మెత్తటి బ్రష్షు, అరగంట పని. ఆ సాయంత్రం రెండు గంటలు ఆడించి చూశాం, ఆగలా. చిప్ పోలా, బోర్డూ పోలా. దానికి ఊపిరాడలా, అంతే.

ఇది ఒక్క మావాడి గోలే అయితే రాసేవాణ్ణి కాదు. మన ఊళ్లల్లో గేమింగ్ ల్యాప్‌టాప్ అంటే ఆట ఒక్కటే కాదు. వీడియో ఎడిటింగ్, త్రీడీ, కోడింగ్, రేపటి ఉద్యోగం అన్నీ అదే. అప్పు చేసి కొన్న వస్తువు ఎందుకు కాగిద్దో తెలియకపోతే, ఎవరెంత చెప్తే అంత ఇచ్చి రావాల్సొచ్చిద్ది.

వేడి ఎక్కడ్నుంచి వచ్చిద్ది?

గేమింగ్ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్ గట్టిగా పనిచేసేటప్పుడు, చాలా మోడళ్లలో 50 నుంచి 140 వాట్ల దాకా కరెంటు తాగిద్ది. ఆ తాగిందంతా వేడే అయిద్ది. పాతకాలం 100 వాట్ల బల్బుని ముట్టుకుంటే చెయ్యి కాలేది గుర్తుందా? అంత వేడి తపాలా బిళ్లంత చిప్పులో పుట్టిద్ది. ఆ వేడి ముందు చిప్పు మీద పూసిన పేస్టులోకి పోయిద్ది. అక్కణ్ణుంచి రాగి గొట్టంలోకి. ఆ గొట్టంలో కొద్దిగా ద్రవం ఉండి, ఒక చివర ఆవిరై రెండో చివర చల్లబడి మళ్లీ వెనక్కొచ్చిద్ది. ఆ చివర పల్చటి రేకులుంటయ్, ఫ్యాను వాటి మధ్యలోంచి గాలి తోసిద్ది. ట్రాక్టర్‌కి ఇంజన్, నీళ్లు, రేడియేటర్, ఫ్యాను ఎట్టాగో ఇదీ అట్టాగే. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌కీ, గ్రాఫిక్స్‌కీ గొట్టాలు కలిసే ఉంటయ్. ఒకదాని వేడి రెండోదానికీ తగిలిద్ది.

ఇంకో సంగతి. ఫ్యాను ఎంత తిరిగినా గదిలో గాలి కంటే చల్లగా చెయ్యలేదు. గది 25 డిగ్రీలున్నప్పుడు చిప్ 75 చూపిస్తే, అదే మిషను అదే ఆట 40 డిగ్రీల గదిలో ఇంచుమించు 90కి పోయిద్ది. రివ్యూ వీడియోల్లో చూసే అంకెలు ఎక్కువగా ఏసీ గదులవి. మన పక్క రెంటచింతల పేరు ఏటా ఎండాకాలం వార్తల్లో వింటూనే ఉంటాం. పైగా నాపరాళ్ల ఇళ్లు పగలు కాగిన వేడిని రాత్రి దాకా కక్కుతానే ఉంటయ్. కాబట్టి బరువు పని ఏదున్నా మేలో తెల్లారుజామున పెట్టుకోండి, మధ్యాన్నం వద్దు.

ఎంత ఉంటే భయపడాలి?

ముందు అంకె చూడటం నేర్చుకోండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వచ్చిద్ది. అందులో పెర్ఫార్మెన్స్, ఆ కింద జీపీయూ నొక్కితే డిగ్రీలు కనపడతయ్. ఆడేటప్పుడు 70 నుంచి 85 మధ్య ఉంటే కంగారు లేదు. ఎన్విడియా ల్యాప్‌టాప్ చిప్పుల్లో చాలావాటికి 87 దగ్గర్లో వేగం దానంతటదే తగ్గిద్ది. మధ్యాన్నం కూలోళ్లు వేపచెట్టు కిందికి చేరినట్టు, తన్ను తాను కాపాడుకోవటం అది. మీకు గేమ్ "లాగ్" అయినట్టు కనపడేది అప్పుడే. నిరుటి కంటే అదే ఆటకి, అదే ఎండకి పది డిగ్రీలు ఎక్కువ చూపిస్తుందంటే దుమ్మన్నా చేరింది, పేస్టన్నా ఎండింది.

ఖర్చు లేని పనులు ముందు

మంచం మీద, దుప్పటి మీద, దిండు మీద పెట్టమాకండి. గాలి పీల్చే సందులు ఎక్కువగా అడుగునే ఉంటయ్. బల్ల మీద పెట్టి, వెనక కాళ్ల కింద రెండు సీసా మూతలు పెట్టండి. కూలింగ్ ప్యాడ్ కొనేముందు ఇది చేసి చూడండి.

తర్వాత ఫ్రేములు కట్టెయ్యండి. మీ తెర 60 హెర్ట్జ్‌ది అయితే 150 ఫ్రేములు తయారుచేసి లాభమేముంది? ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మేనేజ్ త్రీడీ సెట్టింగ్స్‌కి పోయి మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ 60 పెట్టండి. చిప్పుకి పని తగ్గితే వేడీ తగ్గిద్ది. ప్రాసెసర్ వేడి ఎక్కువుంటే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమం ప్రాసెసర్ స్టేట్ 100 నుంచి 99 చెయ్యండి. ఇంటెల్ మిషన్లలో ఎక్కువ భాగం దీంతో టర్బో ఆగిపోయిద్ది.

కాస్త తెలిసినోళ్లయితే అండర్‌వోల్ట్ చేసుకోవచ్చు. అదే వేగానికి తక్కువ వోల్టేజీ ఇవ్వటం అన్నమాట. కరెంటు వాడకం వోల్టేజీ వర్గాన్ని బట్టి మారిద్ది. వోల్టేజీ 5 శాతం తగ్గితే ఆ మేరకు వేడి దాదాపు 10 శాతం తగ్గిద్ది. ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేసుకోవచ్చు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో తాళం వేసి ఉంటది. కొంచెం కొంచెంగా తగ్గించండి, గేమ్ మధ్యలో పడిపోతే ఒక మెట్టు వెనక్కి రండి.

మూత తీసేముందు వారంటీ షరతులు చదవండి. ఆపేసి, ఛార్జర్ పీకి, బ్యాటరీ వైరు ఊడదీశాకే చెయ్యి పెట్టండి. ఫ్యాను రెక్కని అగ్గిపుల్లతో కదలకుండా ఆపి, మెత్తటి బ్రష్షుతో, చేతి బ్లోయర్‌తో దుమ్ము తీయండి. పంచర్ షాపు గాలి మాత్రం కొట్టించమాకండి. ఆ జోరుకి ఫ్యాను బేరింగ్ పోయిద్ది, పైపులో నీటి తుంపర కూడా వచ్చిద్ది. పేస్టు మార్చాలంటే రెండు మూడేళ్లకోసారి చాలు. తడిగుడ్డ, ఐసు ముక్కలు, ఫ్రిజ్జు జోలికి పోమాకండి, లోపల చెమ్మ పట్టిద్ది. కూలర్ గాలి కూడా నేరుగా తగలనియ్యొద్దు. టచ్‌ప్యాడ్ పైకి లేస్తే బ్యాటరీ ఉబ్బిందని గుర్తు. అప్పుడు ఛార్జింగ్ ఆపి మార్పించాల్సిందే, అదిమి చూడొద్దు.

"చిప్పుకి హీట్ పెడితే ఆడిద్ది"

రిపేరు కాడ ఈ మాట వింటే జాగ్రత్త. చిప్పు కింద సన్నటి టంకం చుక్కలుంటయ్. కాగటం, చల్లారటం, మళ్లీ కాగటం వల్ల అవి ఏళ్ల తరబడి అలిసి పగులుతయ్. నాసిరకం పదార్థం వాడితే ఇంకా తొందరగా. 2008 జులైలో ఎన్విడియా కంపెనీయే కొన్ని ల్యాప్‌టాప్ చిప్పుల లోపం ఖర్చులకి 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నానని ప్రకటించింది. చిప్పు లోపల వాడిన పదార్థం బలహీనంగా ఉందని ఒప్పుకుంది. నిజంగా పగిలిన చిప్పుని వేడి గాలితో కాల్చితే కొన్నాళ్లు ఆడొచ్చు, మళ్లీ పోయిద్ది. అది రిపేరు కాదు, వాయిదా.

కాబట్టి షాపులో నోరు విప్పి నాలుగు మాటలడగండి. వేడి ఎన్ని డిగ్రీలు చూశారు? మూత తీసి ఫ్యాను నాకు చూపిస్తారా? తీసేసిన బోర్డు నాకిస్తారా? బిల్లు, గ్యారంటీ కాయితం మీద రాస్తారా? నిజాయితీగా పనిచేసే మెకానిక్ వీటికి కోపం తెచ్చుకోడు, అట్టాంటోళ్లు మన పల్నాడులో బోలెడుమంది ఉన్నారు. మోసం జరిగిందనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. బాగుచేయించుకునే హక్కు కోసం కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో ఒక పోర్టల్ కూడా పెట్టింది. అందులో కంపెనీల సర్వీసు వివరాలుంటయ్.

మావాడిప్పుడు హాస్టల్‌లో తోటిపిల్లల ల్యాప్‌టాప్‌లకి బ్రష్షు పట్టుకుని కూర్చుంటున్నాడంట. మిగిలిన 22,000 మా బావ ఎరువులకి కట్టాడు. మీరు ఇయ్యాళ రాత్రి ఒక్క పని చెయ్యండి. ఆట మధ్యలో ఆ అంకె చూసి, తారీఖేసి ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. వచ్చే మేలో పనికొచ్చిద్ది.