మీకు తెలుసా? లెక్కలూ చైనీస్‌లోనే!

అమెరికా బడుల్లో మాండరిన్ చైనీస్ అంటే న్యూయార్కో, శాన్‌ఫ్రాన్సిస్కోనో గుర్తొస్తాయి. కానీ ముందుగా చెప్పుకోవాల్సింది కొండల నడుమ ఉన్న యూటా రాష్ట్రాన్ని. ప్రభుత్వ బడుల్లో ద్విభాషా బోధన కోసం అక్కడ 2008లోనే చట్టం చేశారు. స్పానిష్, ఫ్రెంచ్‌లతో పాటు చైనీస్‌కూ చోటిచ్చారు.

ఒకటో తరగతి నుంచే ఒక పూట ఇంగ్లిష్, ఇంకో పూట మాండరిన్, ఇద్దరు టీచర్లు. చైనీస్ టీచర్ పిల్లలతో మాట్లాడేదంతా చైనీసే. కింది తరగతుల్లో కూడికలు, తీసివేతలు కూడా ఆ భాషలోనే! మొదట్లో అర్థం కానిచోట సైగలు, బొమ్మలు ఆసరా. భాషను పాఠంగా బట్టీ పట్టించకుండా, దానితో పని చేయించడమే ఈ పద్ధతి గొప్పతనం. ఇంట్లో ఎవరికీ ఆ భాష ఒక్క ముక్క రాని పిల్లలకు ఇంతకన్నా మంచి దారి లేదనిపిస్తుంది.

చట్టం వచ్చినప్పటి గవర్నర్ జాన్ హంట్స్‌మన్‌కు మాండరిన్ వచ్చు. యువకుడిగా మతప్రచారానికి తైవాన్ వెళ్లినప్పుడు నేర్చుకున్నారు. 2009లో చైనాకు అమెరికా రాయబారిగా వెళ్లారు. అలా ప్రచారానికి దేశాలు తిరిగి, అక్కడి భాషలు నేర్చుకుని వచ్చిన మోర్మన్ క్రైస్తవులు యూటాలో చాలామందే. పరభాషంటే ఆ రాష్ట్రానికి బెరుకు లేకపోవడానికి అదీ ఒక కారణం.